జహీరాబాదులో పాలు ముట్టని పది రోజులు

జహీరాబాదును చూడాలని ఎవరూ వెళ్లరు. హైదరాబాదు నుంచి బొంబాయి పోయే రోడ్డు మీద లారీలు ఆగి, డ్రైవర్లు టీ తాగి, టైర్లు తట్టి చూసుకుని వెళ్లిపోయే ఊరు అది. నేనూ చూడటానికి వెళ్లలేదు. మా చెల్లెలు జానకి అక్కడి దవాఖానలో ఉందని తంతి వస్తే వెళ్లాను. డెబ్బైల చివర, కార్తీక మాసంలో. పది రోజులున్నాను. ఆ ఊళ్లో నాకు అన్నం పెట్టిన వాళ్ల మాట ఎక్కడో ఒకచోట నిలవాలని ఇది రాస్తున్నాను. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాన్నగారు వసారాలో పలక ఇచ్చి దిద్దించిన అక్షరాలే నావి. తప్పులుంటే మన్నించండి.

మాది బాపట్ల పక్క పల్లె. తంతిలో ఏముందో పోస్టు మాస్టరుగారు చదివి చెప్పారు: జానకికి టైఫాయిడు, అదే సన్నిపాత జ్వరం, వెంటనే రావాలి. దేవుడి గదిలోకి వెళ్లి దండం పెట్టుకుంటే నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. స్వామీ, జానకి లేచి కూచుని నా చేతి అన్నం ముద్ద తినేదాకా పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి ముట్టను అన్నాను. మా ఇంట్లో నీచు ముందే లేదు. ఉపవాసాలు నాకు అలవాటే, అవి ఇస్తే ఇచ్చినట్టు కాదు. పెరుగంటే మాత్రం నాకు ప్రాణం. మూడు పూటలా పెరుగన్నం ఒక్కటే పెట్టినా కాదనను. అందుకని అదే ఇచ్చాను. తెలియని ఊళ్లో ఆ మాట నిలుపుకోవడం ఎంత కష్టమో ఆ క్షణాన తోచలేదు.

నాంపల్లిలో ఒక పూట

మా వారికి సెలవు దొరకలేదు. హైదరాబాదు దాకా వచ్చి, నన్ను జహీరాబాదు బస్సెక్కించి, వెనక్కి వెళ్లాలని అనుకున్నాం. నాంపల్లిలో రైలు దిగాక నన్ను బెంచీ మీద కూచోబెట్టి ఎక్కడికో వెళ్లి ఇడ్లీలు తెచ్చారు. పొట్లం విప్పగానే ఘుమఘుమమని వాసన. రాత్రంతా ఏమీ తినలేదు కదా అని, ముచ్చటపడి అదనంగా డబ్బులిచ్చి, ఇడ్లీల మీద నెయ్యి పోయించుకొచ్చారు.

పొట్లం ఆయన వైపు జరిపాను. ఆయనకే గుర్తొచ్చి ముఖం చిన్నబోయింది.

"మొక్కే ముందు దారిలో ఉన్న హోటళ్లను కూడా ఒకసారి తలుచుకోవలసింది నువ్వు," అన్నారు నవ్వబోయి.

ఆయన ఇడ్లీలు తిన్నారు, నేను రెండు అరటిపళ్లు తిన్నాను. పళ్లవాడు డజను రూపాయిన్నర చెప్పాడు, మా ఊళ్లో గెల కొట్టి ఇంటింటికీ పంచుతాం. బస్సు కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని, "ఏదో ఒకటి తింటూ ఉండు," అన్నారు. జానకి ఎలా ఉందో రాయమని మాత్రం అనలేదు. మంచి మాట రాయగలనన్న నమ్మకం ఆయనకూ లేదేమో అని దారంతా అదే ఆలోచన. బయట ఎర్రమట్టి నేలలు, పూత మీదున్న కంది చేలు, మధ్య మధ్య చెరుకు బండ్లు. మరొకప్పుడైతే కళ్లప్పగించి చూసేదాన్ని.

బస్టాండు ఎదుట

జానకి భర్త, మా మరిది సుబ్బారావు బస్టాండులో ఎదురుచూస్తున్నాడు. బొంబాయి రోడ్డు పనుల్లో ఓవర్‌సీరు అతను. కాపురం చిరాగ్‌పల్లిలో పెట్టారు. అక్కడ స్టవ్వూ గిన్నెలూ ఉన్నాయి గానీ, అక్కడిదాకా వెళ్లి వండుకుని రావడం నాకు కుదరని పని. జానకిని ఒక్క గంట వదలడానికి లేదు, దవాఖాన వసారాలోనే చాప వేసుకోవాలి.

జానకిని చూశాను. ఇరవై మూడేళ్ల పిల్ల, మంచం మీద ముడత పడిన దుప్పటిలా ఉంది. కళ్లు తెరిచి "అక్కా" అంది, మళ్లీ మూసుకుంది. పద్నాలుగు రోజులుగా జ్వరం దిగలేదట.

సుబ్బారావు నన్ను బలవంతాన బయటికి తీసుకొచ్చాడు. అతని చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుని ఉన్నాయి.

"ఇక్కడ రెండే రకాల హోటళ్లు వదినగారూ. ఒకదాంట్లో మాంసం, ఇంకోదాంట్లో నెయ్యి. మీరు ఏదీ తినరు. నేనేం చేయను?"

ముందు ఉడిపి హోటలుకి వెళ్లాం. ఉప్మా నేతిలో తడిసి మెరుస్తోంది. సాంబారుకీ పోపు నేతితోనే అన్నాడు వడ్డించేవాడు, అది గొప్పగా చెప్పుకునే సంగతి కాబట్టి గొప్పగానే చెప్పాడు. పక్కన చాయ్ హోటల్లో గల్లాపెట్టె దగ్గర తెల్ల గడ్డం పెద్దాయన ఉన్నాడు. పాలు లేని టీ ఇస్తారా అని అడిగాను.

"పాలు లేని చాయా అమ్మా? గది చాయ్ గాదు, దవా అయితది," అన్నాడు. అయినా లోపలికి కేక వేసి గిన్నె కడిగించి, వేరుగా కాచి ఇప్పించాడు. దాంతో పాటు బేకరీ రొట్టె ముక్కలు రెండు పెట్టించాడు.

"ఇందులో పాలు గానీ నెయ్యి గానీ కలుపుతారా?"

ఆయన రొట్టె ముక్కను ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. "కసం తిని, ఒట్టేసి చెప్పలేనమ్మా. నేను చేసింది గాదు, కొన్నది. లేవని చెప్తే నువ్వు తింటవు, నా మీద పడ్తది."

ముక్కలు వెనక్కి ఇచ్చేశాను. టీకి డబ్బులు తీసుకోలేదాయన. ఆకలిగా ఉన్నవాళ్లకు అబద్ధం చెప్పడం చాలా తేలిక. ఆయన చెప్పలేదు. ఇప్పటికీ తలుచుకుని దండం పెట్టుకుంటాను.

దవాఖాన మెట్లు

బుధవారం, గురువారం వేయించిన పల్లీలు, పేలాలు, జామకాయలతో గడిపాను. పల్లీల పొట్లం పావలా. జానకికి మాత్రం రోజుకు నాలుగుసార్లు బార్లీ నీళ్లూ పాలూ పట్టమన్నారు డాక్టరుగారు. వీధి చివర పాలాయన దగ్గర పాలు పోయించుకుని, దవాఖాన వెనక ఆయాల పొయ్యి మీద కాచి తెచ్చేదాన్ని. పొంగేటప్పుడు ఆ వాసన కడుపులోకి చేయి పెట్టి దేవినట్టుండేది. ఇన్నేళ్లలో పాలను చూసి భయపడింది అప్పుడే.

గురువారం సాయంత్రం పాలగిన్నెతో మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగాయి. పడ్డాను. గిన్నె ఎగిరి పాలన్నీ నా చీర మీద. నొప్పి తెలియలేదు. నోటి మీద చుక్క పడిందా అన్న భయంతో కొంగుతో పెదవులు గట్టిగా తుడుచుకోవడం మాత్రం గుర్తుంది. ఆయా మరియమ్మ పరుగున వచ్చి లేవదీసింది. నా వయసే ఉంటుంది, దవాఖానలో అందరినీ తిట్టే అధికారం ఆమె ఒక్కదానికే ఉన్నట్టు కనిపించేది.

"నువ్వు గూడ మంచమెక్కితే మిమ్మల్నిద్దర్ని ఎవరు చూస్తరు? ఏం తిన్నవ్ పొద్దున్నుంచి?"

చెప్పాను. మొక్కు సంగతీ చెప్పాను.

"ఏ దేవుడమ్మా గిట్ల అడిగింది నిన్ను?"

"ఆయన అడగలేదు. నేనే ఇచ్చాను."

"అడగంది ఎందుకిచ్చినవ్?"

ఆమె నా చీర పిండుతూ గొణిగింది: "మా ప్రభువు పస్తులుండమంటే నేను రెండోనాడే గుడి మార్చేదాన్ని. ఇగ విను. బజార్ల లింగాయతుల ఆమె ఖానావళి ఉంది. శరణమ్మ అంటరు. ఎల్లిగడ్డ వాసనొస్తది గాని నీసు ఉండది. పోయి నా పేరు చెప్పు."

శరణమ్మ ఖానావళి

ఎల్లిగడ్డ అంటే వెల్లుల్లి, ఖానావళి అంటే మా వైపు పూటకూళ్లిల్లు లాంటిది. ముందు గదిలో రెండు చాపలు, గోడ వార ఇత్తడి బిందె, లోపలి గదిలో కట్టెల పొయ్యి. తినేవాళ్లు బీదరు నుంచి వచ్చిన గుమాస్తాలు, రాయికోడ్ నుంచి అల్లం అమ్మడానికి వచ్చిన రైతులు. శరణమ్మకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక ఆ పొయ్యి మీదే బతుకు ఈడ్చుకొస్తోంది. మెడలో నల్లదారానికి లింగకాయ వేలాడుతుంటుంది. తెల్లవారి దాన్ని అరచేతిలో పెట్టుకుని పూజ చేశాకే పొయ్యి ముట్టిస్తుంది.

"శరణమ్మగారూ," అని మొదలుపెట్టాను.

"గారు గీరు ఏంది? నేనేం తాసిల్దారునా? శరణమ్మ అను."

నా నియమం చెప్పాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోస్తూ వింది.

"సొంత చెల్లెనా?"

"నాకంటే పదిహేనేళ్లు చిన్నది. నా చంక మీదే పెరిగింది."

"పాలు వద్దు. పెరుగు వద్దు. నెయ్యి?"

"వద్దు."

"రొట్టెకు రాయను. పప్పుల ఒక చుక్క?"

"వద్దు శరణమ్మా."

"చుక్క గూడ వద్దు?"

"చుక్క కూడా వద్దు."

కాసేపు నన్ను చూసి, "సరే తియ్ బిడ్డా. కూసో," అంది.

పళ్లెంలో జొన్నరొట్టెలు రెండు, పుంటికూర పప్పు, పల్లికారం, నంజుకోవడానికి ఉల్లిగడ్డ. పుంటికూర అంటే మన గోంగూరే. రూపాయి. మా వైపు అన్నం లేని పూట లంఖణం కిందే లెక్క, రొట్టె పథ్యంవాళ్లు తినేది. ఇక్కడ రోగికి గంజన్నం పెడతారు, ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు రొట్టె తింటారు. పిండిని అరచేతుల మధ్య తట్టి తట్టి చంద్రుడంత చేసి పెనం మీద వేసే ఆ చప్పుడు వింటుంటే, మూడు రోజుల తర్వాత నా ప్రాణం ఒళ్లోకి వచ్చింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటే ఏడుపొచ్చింది. ఇంత మందిలో నా కోసం ఈ తల్లిని ఎక్కడ దాచి ఉంచావు స్వామీ అనుకున్నాను.

అది శుక్రవారం. శనివారం జానకికి జ్వరం ఒక డిగ్రీ దిగింది. ఆదివారం ఇంకొంచెం. వెనక దిండు పెడితే ఒరిగి కూచుంది.

"అక్కా, నీ దగ్గర జొన్నపిండి వాసనొస్తోంది."

"రొట్టెలు తింటున్నాను మరి."

"నువ్వా? పెరుగు లేకపోతే పెళ్లి భోజనం దగ్గర్నుంచి కూడా లేచి వచ్చేదానివి కదా. బావగారు చెప్పేవారు."

మొక్కు సంగతి అప్పుడు చెప్పాను. నా చేయి పట్టుకుంది.

"అయితే తొందరగా తినాలి నేను," అంది. "నీ కోసం."

డాక్టరుగారు బుధ, గురువారాల్లో పలచగా గంజన్నం మొదలుపెడదామన్నారు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. రెండు పూటలా శరణమ్మకు దండం పెట్టి వచ్చేదాన్ని. ఆమె మాత్రం, "నాకెందుకు దండం, పైనున్నాయనకు పెట్టు," అని ముఖం తిప్పుకునేది.

ఝరాసంగం

సోమవారం ఝరాసంగం వెళ్లి శివుణ్ని చూసి రమ్మని శరణమ్మే చెప్పింది. జానకి దగ్గర సుబ్బారావును కూచోబెట్టి పొద్దున్నే బస్సెక్కాను. అక్కడ శివుడికి మొగలిపువ్వు పెడతారు. మా వైపు శివుడికి ఆ పువ్వు పనికిరాదు. మాకు దోషమైనది ఇక్కడ పూజ. ఆశ్చర్యపోయి, కాసేపు అక్కడే నిలబడ్డాను. ఒక్కొక్క చోట స్వామి ఒక్కొక్కలా ఒప్పుకుంటాడన్నమాట, నన్నూ ఎలాగోలా ఒప్పుకోకపోతాడా అనిపించింది.

పూజారి ఉద్ధరిణెతో తీర్థం పోశాడు. అరచేతిలో పడ్డాక చూస్తే తెల్లగా, చిక్కగా ఉంది. పంచామృతం. పాలు, పెరుగు, నెయ్యి అన్నీ అందులోనే ఉన్నాయి.

చేయి నోటి దాకా వెళ్లి ఆగింది. "అయ్యా, ఉత్త నీళ్ల తీర్థం ఉందా?" అన్నాను.

"ఇది పాలు కాదమ్మా, తీర్థం. తీసుకో."

కళ్లకు అద్దుకుని తల మీద రాసుకున్నాను. వేళ్ల సందుల్లోంచి జారి కొంత నేల మీద పడింది. నా వెనక ముదురు ఎరుపు చీర కట్టుకున్న ముసలామె ఉంది, చేనులోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతికి మట్టి ఇంకా ఆరలేదు.

"సామి ఇచ్చింది కాదంటవా? గంత పెద్దదానివైనవా?"

గుడి బయట గట్టు మీద కూచుని ఆమెకు సంగతంతా చెప్పాల్సి వచ్చింది. విని, కోపం దిగి, కొంగు ముడి విప్పి ఉడకబెట్టిన అలసందలు గుప్పెడు నా చేతిలో పోసింది.

"తిను. పాలు లేవు, నెయ్యి లేదు. నా చెమట తప్ప గీంట్ల ఏం లేదు."

తిన్నాను. గుడిలో తీర్థం వద్దన్నదాన్ని, గట్టు మీద అవి తింటుంటే అదే ప్రసాదమనిపించింది. మాట తప్పలేదు స్వామీ అని లోపల అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. గర్వపడ్డాను నేను.

పొయ్యి దగ్గర

సాయంత్రం నేరుగా ఖానావళికి వెళ్లాను. తినేవాళ్లు ఇంకా రాలేదు. శరణమ్మ పిండి కలుపుతోంది. పక్కన కూచుని తీర్థం సంగతి చెప్పాను.

"తీర్థం కూడా వద్దన్నాను శరణమ్మా. స్వామికి కోపం వచ్చినా సరే, మాట మాత్రం నిలుపుకున్నాను."

ఆమె చేతులు పిండిలో ఆగిపోయాయి.

"బిడ్డా. ఒక మాట చెప్త. తిట్టకు."

"చెప్పు."

"శుక్రారం నుంచి నీ రొట్టె పిండిల నెయ్యి ఏస్తున్న. చుక్కనే. వేడినీళ్లల్ల కలిపి."

నాకు వెంటనే అర్థం కాలేదు. పెనం ఖాళీగా కాలుతోంది.

"చుక్క కూడా వద్దన్నాను కదా."

"అన్నవు. నేనే మూడుసార్లు అడిగిన." ఆమె పిండి చేతులు ఒడిలో పెట్టుకుంది. "మా ఇండ్లల్ల నెయ్యి తగలని రొట్టె ఒక్కనాడే చేస్తం బిడ్డా. ఇంట్లకెళ్లి పీనుగ లేసిననాడు. పొయ్యి మీద గా రొట్టె కాలుతున్నదంటే ఇంట్ల మనిషి పోయినట్టే లెక్క. నీ చెల్లె దవాఖానల పండుకోని ఉండంగ, గా రొట్టె నీ పళ్లెంల ఎట్ల ఎయ్యాలె? నా చెయ్యి రాలే. నువ్వు గా పిల్ల కోసమే నెయ్యి ఇడిసినవ్. నేను గా పిల్ల కోసమే ఏసిన."

జానకిని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ మాటకే నేను కరిగి ఉండాలి. కరగలేదు. "నా మొక్కు పోగొట్టావు," అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆమె తలెత్తలేదు. నాకు ఆగలేదు. రేపటి నుంచి చుక్క కూడా వేయనని మెడలో లింగం ముట్టుకుని ప్రమాణం చేయమన్నాను.

"ఒట్టు ఒక్కటి ఏయించకు. ఇంకేదన్న అడుగు బిడ్డా."

"చేస్తేనే రేపు వస్తాను."

నేను పస్తుంటానని ఆమెకు తెలుసు. ఎడమ చేత్తో లింగకాయ పట్టుకుని, కళ్లు మూసుకుని చేసింది. అన్నం పెట్టిన మనిషి చేత, ఆమె నమ్మిన దాన్ని పట్టించి ఆ పని చేయించాను. నా జీవితంలో అంత పెద్ద గొంతుతో నేను ఎవరినీ ఏదీ అడగలేదు.

మంగళవారం, బుధవారం

మంగళవారం రొట్టె చేసేటప్పుడు ఆమె పొయ్యి వైపు చూడకుండా చేసింది. పళ్లెం నా ముందు పెట్టి వెంటనే లోపలికి వెళ్లిపోయింది. తిన్నాను. స్వామికి లోపల చెప్పుకున్నాను, తెలియక జరిగింది, ఇవాళ్టి నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టమని. ఆ రోజు జానకి బాగానే ఉంది. నన్ను చూసి, "గురువారం ముద్ద మెత్తగా కలపాలి, పచ్చడి వేయాలి," అంది. "పచ్చడి వేయనివ్వరు," అంటే, "నువ్వు దొంగతనంగా వేస్తావు, నాకు తెలుసు," అని నవ్వింది.

బుధవారం మధ్యాహ్నం రొట్టె తిని వచ్చేసరికి మరియమ్మ నాకు ఎదురొచ్చింది. తిట్టలేదు. అది చూడగానే భయమేసింది. జానకికి కడుపులో నొప్పి లేచి, దుప్పటంతా రక్తం. డాక్టరుగారు అప్పటికే సూది మందులిచ్చి హైదరాబాదు తరలించడానికి జీపు మాట్లాడమన్నారు. సుబ్బారావు రోడ్డు పనుల జీపు తెచ్చాడు. కదిలించే స్థితి లేదన్నారు తర్వాత. జీపు వాకిట్లో అలాగే నిలబడి ఉంది. గురువారం పొద్దున, వసారాలో ఎండ పడే వేళకి, జానకి పోయింది. నా చేయి దాని తల కింద ఉంది.

డాక్టరుగారు చెడ్డవారు కాదు. నన్ను పక్కకు పిలిచి చెప్పారు: "మూడో వారంలో పేగుకు చిల్లు పడుతుందమ్మా ఈ జబ్బులో. బాగున్నట్టు కనిపిస్తూనే పడుతుంది. ఎవరేం చేసినా, చేయకపోయినా." నా బుద్ధి ఆ మాట ఒప్పుకుంది. మిగతా నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

గురువారం

మగవాళ్లు శ్మశానానికి వెళ్లారు. నేను దవాఖాన వసారాలో నా చాప మీద కూచున్నాను. ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. శరణమ్మ వచ్చింది. ఆ పూట ఖానావళి మూసేసిందట. పక్కన కూచుని గుడ్డ మూట విప్పింది. నాలుగు రొట్టెలు, ఉప్పు, మిరపకాయ. నెయ్యి లేదని చెప్పలేదు. నేను అడగలేదు. వాళ్ల ఆచారం ప్రకారం చేయవలసిన రొట్టెలు అవి. నా మొక్కు ప్రకారం తినదగిన రొట్టెలూ అవే.

ఆమె ఒకటి తుంచి నా చేతిలో పెట్టింది. తనూ ఒకటి తుంచుకుంది. ఒకే గుడ్డలోంచి తిన్నాం.

"నేను నీ మాట ఇనకుంట ఉంటే బాగుండు," అంది చాలాసేపటికి. "ఒట్టు ఏసినా సరే, ఆ రెండు రోజులు గూడ చుక్క ఏసుంటే బాగుండు. నా చెయ్యితోని చేసి పెట్టిన గా రొట్టెలు."

నా మనసులో దానికి సరిగ్గా ఎదురు మాట ఉంది. ఆ మొదటి నాలుగు రోజులూ చుక్క వేయకుండా ఉంటే అన్న మాట. నిన్నటి నుంచి వందసార్లు లోపల తిరిగింది. నోరు తెరిచాను కూడా. ఆమె పిడికిలి లింగకాయ మీద బిగిసి ఉంది. చెబితే తప్పు ఆమె నెత్తిన రెండు వైపుల నుంచీ పడుతుంది. అందుకని చెప్పలేదు.

"నీ వల్ల ఏమీ కాలేదు శరణమ్మా. నాలుగు రోజులు దానికి జ్వరం తగ్గింది నువ్వు నాకు పెట్టిన తిండి పుణ్యంతోనే," అన్నాను. అది నేను నమ్మిన మాట కాదు. నమ్మని మాట కూడా కాదు. ఆమె నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఓదార్చవలసినదాన్ని నేనయ్యాను. అందుకూ కృతజ్ఞురాలినే, నా ఏడుపు కాసేపు ఆగింది.

తిరుగు దారి

శుక్రవారం సుబ్బారావుతో చిరాగ్‌పల్లి వెళ్లి జానకి చీరలు, గాజుల పెట్టె సర్దాను. వంటింట్లో ఉట్టి మీద ఆమె జబ్బు పడకముందు తోడు పెట్టిన పెరుగు గిన్నె ఉంది, నల్లగా బూజు పట్టి. సుబ్బారావు దాన్ని తీయలేదు, కడగలేదు. "తీయబుద్ధి కాలేదు వదినగారూ," అన్నాడు. నేనే కడిగాను. బస్సెక్కేటప్పుడు చాయ్ హోటల్ పెద్దాయన గల్లాపెట్టె మీంచి లేచి నిలబడ్డాడు. ఊళ్లో అందరికీ తెలిసినట్టుంది.

మీలో ఎవరైనా అటు వెళ్లి, పాలు నెయ్యి మానుకున్నవారైతే, ఆకలితో ఉండనక్కర్లేదు. అక్కడి నేల పండించేది మొత్తం మీకు పనికొస్తుంది. జొన్నలు, కందులు, అలసందలు, పుంటికూర, పల్లీలు. అడిగితే పెట్టేవాళ్లున్నారు. అడిగినదానికంటే ఎక్కువ పెట్టే మనసు కూడా ఉంది వాళ్లకు. నాకు తెలిసినంతలో ఇదే చెప్పగలను.

ఇంటికి వచ్చాక, జానకి పన్నెండో రోజు భోజనాల్లో మా అత్తగారు నా విస్తట్లో పెరుగు వేయబోయారు. చేయి అడ్డం పెట్టాను. "ఇంకా ఎందుకమ్మాయ్, మనిషే లేనప్పుడు?" అన్నారు. పురోహితుణ్ని అడిగిస్తే, కోరిక తీరలేదు కాబట్టి మొక్కు చెల్లదు, పెరుగు తినవచ్చు అన్నారు. మరునాడు మా వారే పెరుగు గిన్నె నాకు దూరంగా జరిపి పెట్టుకున్నారు.

వాళ్లంతా చెప్పింది సరే. కానీ ఆ మాటకు గడువు పెట్టింది నేను. జానకి లేచి కూచుని నా చేతి ముద్ద తినేదాకా అన్నాను. తినకపోతే ఏమిటన్నది ఆ రోజు దేవుడి గదిలో నాకు తోచలేదు, తోచినా నోటితో అనగలిగేదాన్ని కాదు. ఆ గడువు దాటిపోలేదు. రాలేదు. రాదు. పాలు కాచి తోడు పెడుతూనే ఉన్నాను, అందరికీ వడ్డిస్తూనే ఉన్నాను. నా కంచంలో అన్నం మెత్తగా కలుపుకుని, మొదటి ముద్ద కాసేపు చేతిలోనే పట్టుకుంటాను. తర్వాత నేనే తింటాను.